ఫ్యూయల్ పంపు లాక్ రింగు తుప్పుపట్టి కదలడం లేదు, సుత్తితో కొట్టి తీయవచ్చా?

మీరు అడిగింది ఇదీ: అమలాపురం దగ్గర పాత పెట్రోలు కారు, వెనక సీటు కింద, ఫ్యూయల్ పంపుని పెట్రోలు ట్యాంకులో పట్టి ఉంచే ఇనప లాక్ రింగు బిగిసిపోయింది. మెకానిక్ స్క్రూడ్రైవర్ ఆనించి సుత్తితో కొడతానంటున్నాడు. ఒప్పుకోవచ్చా అని.

ఒప్పుకోకండి. ఇనుము మీద ఇనుము పడితే నిప్పురవ్వ లేస్తుంది, దాని కిందే పెట్రోలు ట్యాంకు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, కాబట్టి పైకి పోకుండా కారు ఫ్లోర్ మీదే నిలుస్తుంది. మా బావగారి కారుకి ఈ పని రాజోలులో మా ఇంటి ముందు ఆరుబయటే చేశాం. నాలుగు డోర్లూ తెరిచి, పక్కన పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకున్నాం.

ట్యాంకులో పెట్రోలు పావు కంటే తక్కువ ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ముందు పంపు ఫ్యూజు లాగేసి ఇంజను స్టార్ట్ చేయండి, లైన్లో మిగిలింది తాగి అదే ఆగిపోతుంది. చాలా కార్లలో ఆ లైన్లో 3 నుంచి 4 బార్ ప్రెషర్ ఉంటుంది, అది దింపకుండా పైపు ఊడదీస్తే పెట్రోలు మొహాన కొడుతుంది. ఆ తర్వాత బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి.

ఇప్పుడు రింగు చుట్టూ మట్టి, తుప్పు బ్రష్‌తో, తడిగుడ్డతో శుభ్రం చేయాలి. రింగు వదులైతే అదంతా ట్యాంకులోకే పడుతుంది. వ్యాక్యూమ్ క్లీనర్ మాత్రం వద్దండి, దాని మోటారే నిప్పు పెట్టగలదు. మన వైపు ఉప్పుగాలి, రొయ్యల చెరువు గట్ల మీద తిరుగుడు, వానాకాలం నీళ్లు, వీటితో రింగు అంచులు బాగా తినేసి ఉంటాయి. తుప్పు వదిలించే ఆయిల్ కొంచెం వేసి నాననివ్వండి.

ఇనప రింగుకి మరలు ఉండవు. దాని చెవులు, అంటే అంచున పొడుచుకొచ్చిన ముక్కలు, ట్యాంకు చెవుల కింద ఇరుక్కుని ఉంటాయి, కొద్దిగా తిరిగితే చాలు, ఊడొస్తుంది. ఇత్తడి కడ్డీ గానీ గట్టి టేకు ముక్క గానీ చెవికి ఆనించి ఎడమవైపుకి, అంటే గడియారం ముళ్లకి ఎదురు దిశలో తిరిగేలా, చిన్న చిన్న దెబ్బలు వేయండి. ఒకే చోట కొట్టకుండా ఒక చెవి తర్వాత ఇంకో చెవి, చుట్టూ తిరుగుతూ. మా బావకి ఓపిక నశించి పెద్ద దెబ్బ వేయబోతే ఆపాను. ట్యాంకు చెవి వంగితే రింగు మార్చినా లాభం లేదు, ట్యాంకే మార్చాలి. ప్లాస్టిక్ రింగైతే మరలు ఉంటాయి, దాన్ని కొట్టకూడదు, పట్టుకుని తిప్పే రెంచి కావాలి.

పంపు పైకి తీసేటప్పుడు ఫ్లోట్ చేయి (పెట్రోలు మట్టం కొలిచే తేలే బుడ్డి ఉన్న సన్న కడ్డీ) వంగకుండా ఏటవాలుగా లాగండి. వంగితే గేజు తప్పు చూపిస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం పంపు మూతకీ ట్యాంకుకీ మధ్య ఉండే సీలు. పాత రబ్బరు సీలు ఉబ్బి, పాత కుక్కర్ రబ్బరులా సాగిపోయి ఉంటుంది. దాన్నే మళ్లీ వేయడం పెద్ద పొరపాటు, చాలామంది చేసేదీ అదే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు, దానికి తట్టుకునే సీలు కావాలని షాపులో అడిగి తీసుకోండి. రింగు తుప్పు తినేస్తే దాన్నీ మార్చేయండి, సీలుతో పోలిస్తే మరీ పెద్ద ఖర్చు కాదు.

బిగించేటప్పుడు పంపు మూత మీది గుర్తు ట్యాంకు గుర్తుకి ఎదురుగా ఉండాలి. ఒకరు మూతను కిందికి అదిమి పట్టుకుంటే ఇంకొకరు రింగు చేత్తోనే పట్టించాలి. రింగుతో పాటు పంపూ తిరిగిందంటే సీలు మడతపడినట్టే, మళ్లీ తీసి సర్దండి.

పైపు, వైరింగ్, ఫ్యూజు, బ్యాటరీ కలిపాక స్టార్ట్ చేయకుండా తాళం రెండు మూడుసార్లు ఆన్ చేసి పైపు జాయింట్ తడుస్తోందేమో చూడండి. ఆ రోజు అంతా బాగున్నా, తర్వాత ట్యాంకు ఫుల్ చేయించి సీటు ఎత్తి మరోసారి వాసన చూడండి. పైన సీలు కారడం చాలాసార్లు ఫుల్ ట్యాంకులోనే తెలుస్తుంది.