చిన్నోడి మాటల గురించి, పెద్దమ్మ

అమ్మలూ,

చిన్నోడికి ఇరవై నెలలొచ్చినా నాలుగైదు మాటలే అంటున్నాడని, మీ అత్తగారేమో "మా అబ్బాయికీ మూడేళ్లకి గానీ మాటలు రాలేదు" అంటున్నారని రాశావు. ఆవిడతో వాదన వద్దు గానీ, ఆ మాట పట్టుకుని కూర్చోకు. ముందు వాడి చెవులు చూపించు. పిలిస్తే తిరుగుతున్నాడుగా అంటావేమో, చప్పుడు వినిపించినా సన్నటి శబ్దాలు అందని పిల్లలుంటారు, చెవి లోపల నీరు చేరినా అంతే. వాల్తేరు వైపు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది కదా, లేదా మీ పిల్లల డాక్టర్ని అడుగు.

ఇక ఇంట్లో సంగతి. వీడియో కాల్‌లో చూస్తున్నా, "ఇదేంటి చెప్పు, పెద్దమ్మకి చెప్పు" అని వాడికి ఒకటే పరీక్ష! అలా అడిగితే ఎవరికైనా నోరు పెగలదు. అంగన్‌వాడీలో ఇన్నేళ్లు పిల్లల మధ్య ఉండి చెప్తున్నా, అడగడం తగ్గించు, వాడు దేన్ని చూస్తున్నాడో దాని గురించి నువ్వే మాట్లాడు. రైతుబజారులో వంకాయ చేతికిచ్చి "వంకాయ, నున్నగా ఉంది, సంచిలో వేద్దామా" అని ఆగు. ఆ ఆగడమే మన వల్ల కాదు, మనసులో పది లెక్కపెట్టుకో. వాడు వేలు చూపించినా, "కా" అన్నా అది జవాబే. దిద్దకుండా "అవును, పెద్ద వంకాయ" అని ఇంకో మాట కలిపి అను. ఆర్కే బీచ్‌కి వెళ్లినప్పుడు నీళ్ల అంచున నిలబెట్టి ప్రతి అలకీ "వస్తోంది, వస్తోంది..." అని ఆపేయ్, కొన్నాళ్లకి "వచ్చేసింది" వాడే అంటాడు.

అన్నం తినేటప్పుడు ఫోన్ తీసెయ్. రెండేళ్లు నిండాక కూడా రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. నాతో వీడియో కాల్ లెక్కలోకి రాదులే, నేను తిరిగి మాట్లాడతాగా!

ప్లే స్కూల్ కోసం ఇంట్లో తెలుగు మానేయమన్నారట, ఆ పని మాత్రం చెయ్యకు. రెండు భాషలు వింటే మాటలు వెనకబడవు. నీకు ధారాళంగా వచ్చే భాషలోనే వాడితో కబుర్లు చెప్పు. వస నాకించమని ఎవరైనా అన్నా వద్దు, దానివల్ల వాంతులైన పిల్లలున్నారు.

రెండేళ్లు నిండేసరికి "అమ్మ రా", "పాలు కావాలి" లాగా రెండు మాటలు కలపకపోయినా, ఇప్పుడు అంటున్న మాటలు మానేసినా, వెంటనే స్పీచ్ థెరపిస్టుకి చూపించు. మాటలు మానేస్తే మాత్రం రెండేళ్లు నిండేదాకా కూడా ఆగకు, ఆ వారమే వెళ్లు.

మీ పెద్దమ్మ