లోపం కోడ్‌లో కాదు, బలం అంకెలో

2024 అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ సీజన్‌లో ఫ్లోరిడా స్టేట్ జట్టు 12 మ్యాచ్‌లలో 10 గెలుస్తుందని మీ సిమ్యులేషన్ (సీజన్‌ను కంప్యూటర్‌లో పదేపదే ఆడించి చూసే ప్రోగ్రామ్) చెబితే, ఆ జట్టు రెండే గెలిచి పదింట ఓడింది. తప్పెక్కడని అడిగారు. దయచేసి కోడ్ మొత్తం తిరగరాయకండి. మీరు జట్టు బలాన్ని ఒకే అంకెగా బిగించేశారు. ఆ అంకె తప్పయితే లక్షసార్లు నడిపినా అదే తప్పు లక్షసార్లు వస్తుంది. ముందు ఏడాది వరుసగా 13 గెలిచిన జట్టది; ఆటగాళ్లు మారాక ఆ బలం ఎంత మిగిలిందో సీజన్ మొదలయ్యే ఆగస్టులో ఎవరికీ తెలియదు. అందుకే ప్రతి ఊహాత్మక సీజన్ మొదట్లో బలాన్ని కాస్త అటూ ఇటూ జరిపి, ఆ సీజనంతా అదే ఉంచండి. అప్పుడు ఫలితాల పరిధి పెరిగి, రెండు గెలుపుల సీజన్ కూడా అరుదుగా కనిపిస్తుంది.

సగటును మాత్రమే చూడకండి. ప్రతి మ్యాచ్‌లో 80 శాతం అవకాశమున్న జట్టు కూడా 12కు 12 గెలిచే అవకాశం దాదాపు 7 శాతమే. అదే ఏడాది సెప్టెంబరులో నార్తర్న్ ఇల్లినాయ్ అనే చిన్న జట్టు చేతిలో 16–14తో ఓడిన నోటర్ డామ్ జట్టు, చివరికి జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడింది! ఇలాంటివి పేరుపెట్టి ముందే చెప్పడం ఏ ప్రోగ్రామ్ వల్లా కాదు.

నమ్మవచ్చో లేదో తేల్చుకోవాలంటే, పాత సీజన్లలో మీ ప్రోగ్రామ్ ఒక జట్టుకు 70 శాతం గెలుపు అవకాశం ఇచ్చిన మ్యాచ్‌లన్నీ ఏరి, వాటిలో పదింట ఏడు ఆ జట్లు నిజంగా గెలిచాయేమో లెక్కపెట్టండి.