టెక్ సందేహాలు: సంక్రాంతికి ఊరొస్తున్నారు సరే, మీ పాత సిమ్ బతికే ఉందా?

డిసెంబరు మొదలైందంటే ఉత్తరాల రంగు మారిపోతుంది. మిగతా ఏడాదంతా ‘ఏ ల్యాప్‌టాప్ కొనమంటారు’ అని అడిగేవాళ్లు, విమానం టికెట్ బుక్కవగానే ‘ఓటీపీ రావడం లేదు’ అని రాస్తారు. ఊళ్ల పేర్లే వేరు, గోడు ఒకటే. అందుకే ఈసారి ఆ సంచీ మొత్తం ఒకేసారి విప్పుతున్నాం.

ప్రశ్న: మూడేళ్ల తర్వాత డాలస్ నుంచి వస్తున్నాను. పాత ప్రీపెయిడ్ సిమ్ ఫోన్లో వేస్తే సిగ్నలే లేదు. బ్యాంకు, ఆధార్, ఆదాయపు పన్ను పోర్టల్ అన్నీ దానికే లింకై ఉన్నాయి. ఏం చేయాలి?

సిగ్నల్ లేకపోవడం కాదు, ఆ నంబరు మీది కాకుండా పోయి చాలా కాలమై ఉంటుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నంబరును వరసగా 90 రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని తీసేయవచ్చు. సిమ్ బ్యాలెన్సులో కనీసం 20 రూపాయలు ఉంటే అందులోంచి కోసుకుంటూ నెల చొప్పున పొడిగిస్తారు. అది అయిపోతే 15 రోజుల గడువు, ఆ తర్వాత సెలవు. ‘నెలనెలా బ్యాంకు మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయిగా’ అంటారు చాలామంది. వచ్చే ఎస్సెమ్మెస్‌ను వాడకం కింద లెక్కేయరు. కాల్, డేటా, మీరు పంపిన ఎస్సెమ్మెస్ లాంటివే లెక్క.

తీసేసిన నంబరును 90 రోజుల పాటు మరొకరికి ఇవ్వరు. ఆ గడువులోనే ఉంటే, దిగిన మర్నాడే ఆధార్ పట్టుకుని కంపెనీ సొంత స్టోర్‌కు వెళ్లండి, వీధి చివరి రీఛార్జ్ కొట్టుకు కాదు. నంబరు ఖాళీగా ఉందో లేదో అక్కడే చెబుతారు. మూడేళ్లంటే మాత్రం అది వేరొకరి చేతిలో ఉందనుకుని పని మొదలుపెట్టడమే మంచిది.

అప్పుడు ఏది ముందు, ఏది వెనక అన్నది ముఖ్యం. మొదటి వారంలోనే ఆధార్ కేంద్రానికి వెళ్లి కొత్త నంబరు ఎక్కించుకోండి. అక్కడ వేలిముద్ర ఇవ్వాలి. రుసుము 75 రూపాయలు. మార్పు నమోదు కావడానికి రోజులు పడుతుంది కాబట్టి, భోగి మంటలయ్యాక చూద్దాంలే అనుకుంటే తిరుగు ప్రయాణానికి అందదు. తర్వాత బ్యాంకు హోమ్ బ్రాంచి. అక్కడ ఎలాగూ ఒక ఇబ్బందికరమైన ప్రశ్న ఎదురవుతుంది: విదేశంలో స్థిరపడ్డాక మామూలు పొదుపు ఖాతాను ఎన్ఆర్ఓగా (ఇక్కడి ఆదాయం కోసం ప్రవాసులు వాడే ఖాతా) మార్చాలి కదా, మార్చారా అని. మార్చకపోతే ఆ పని కూడా అదే రోజు పూర్తి చేయండి. పాన్, పన్ను పోర్టల్, ఈమెయిల్ రికవరీ నంబరు ఆ తర్వాత.

ఇదంతా తిప్పలు మాత్రమే. అసలు ప్రమాదం వేరే ఉంది. మీ పాత నంబరు కొనుక్కున్న మనిషి దొంగ కాకపోవచ్చు, కొత్తగా కాలేజీలో చేరిన కుర్రాడు కావచ్చు. కానీ అతను యూపీఐ యాప్ తెరిచి నంబరు నమోదు చేసుకోగానే, ‘ఈ నంబరుకు లింకైన ఖాతాలివి’ అని యాప్ మీ బ్యాంకు ఖాతాను అతని ముందు పెట్టవచ్చు. పిన్ పెట్టాలంటే డెబిట్ కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీ కావాలి, నిజమే. అయితే ఆధార్ దారి కూడా ఉంది: ఆధార్ మొదటి ఆరంకెలు, దానితో పాటు ఓటీపీ. ఆ ఓటీపీ వచ్చేది అతని ఫోన్‌కే. ఇక మీ ఆధార్ జిరాక్సు ఎన్ని లాడ్జీల్లో, ఎన్ని సిమ్ కొట్లలో పడుందో మీకే తెలియాలి. రద్దయిన నంబర్ల జాబితాతో వారం వారం సరిచూసుకోమని బ్యాంకులకు, యూపీఐ యాప్‌లకు యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ చెప్పింది. 2025 ఏప్రిల్ నుంచి అది నిబంధన. మంచిదే. ఆ సరిచూపు మీ బ్యాంకులో సక్రమంగా జరుగుతుందన్న నమ్మకంతో నిద్రపోవడం మాత్రం మంచిది కాదు.

వాట్సాప్ సంగతి కూడా అంతే. సిమ్ పోయినా యాప్ నడుస్తూ ఉండొచ్చు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కొత్త యజమాని అదే నంబరుతో వాట్సాప్ తెరిచిన రోజున మీరు బయటికి, అతను మీ కుటుంబ గ్రూపుల్లోకి. రెండంచెల పిన్ పెట్టుకున్నా అది అడ్డుకునేది కొన్నాళ్లే. ఇంకా లాగిన్‌లో ఉండగానే సెట్టింగ్స్‌లో ‘నంబరు మార్చు’ వాడి విదేశీ నంబరుకు మారిపోండి. విమానం ఎక్కకముందే చేయగల పని ఇది.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేం. ఫోన్ నంబరు మనది కాదు, అద్దెది. అద్దె కట్టడం ఆపితే ఇంకొకరిని దింపుతారు. అలాంటిదాన్ని బ్యాంకులు, ప్రభుత్వ పోర్టళ్లు ఇంటిపేరంత శాశ్వతం అనుకుని తాళాలన్నీ దానికే తగిలించాయి. ఎస్సెమ్మెస్ ఓటీపీ ఒక్కటే దారి కానక్కర్లేదని రిజర్వు బ్యాంకు 2025లోనే నిబంధనలు రాసింది, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా పెట్టింది. తీరా చూస్తే, యాప్‌లో రంగులు మార్చడానికి నెలకో అప్‌డేట్ పంపే బ్యాంకులకు, ఓటీపీని ఈమెయిల్‌కు పంపే చిన్న మీట పెట్టడానికి తీరిక ఉండదు. మూడు వారాల సెలవులో రెండు వారాలు క్యూల్లో నిలబడేది మాత్రం వినియోగదారుడే.

ప్రశ్న: ఇంత గొడవెందుకు? సిమ్ అమ్మ ఫోన్లో వేసి, తనే రీఛార్జ్ చేయిస్తే సరిపోదా? ఓటీపీ వస్తే ఫోన్ చేసి చెబుతుంది.

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మమ్మల్ని అన్నింటికన్నా భయపెట్టింది ఇదే. రాసినవాళ్లు ఒక్కరు కాదు.

ఒకసారి ఆలోచించండి. ‘ఓటీపీ ఎవరికీ చెప్పొద్దమ్మా’ అని వచ్చిన ప్రతిసారీ మీరే చెబుతారు. వెళ్లిన నెలకే ‘అమ్మా, ఇప్పుడో మెసేజ్ వస్తుంది, ఆరంకెలు చదువు’ అంటారు. అంటే, ఫోన్లో ఎవరో తొందరపెడుతుంటే కళ్లజోడు వెతుక్కుని గబగబా అంకెలు చదివేయడాన్ని ఆమెకు నేర్పించింది ఎవరు? మోసగాడికి కావలసిన శిక్షణ అంతా ఉచితంగా మీరే ఇచ్చి పెట్టారు. గొంతు మీదేనా అని కూడా ఆమె చూసుకోదు. వాట్సాప్ కాల్ గరగరలాడుతుందని ఆమెకు అలవాటే.

ఇంకొకటి. మీ సిమ్ ఉన్నది స్మార్ట్‌ఫోన్లో అయితే, మనిషి చదవాల్సిన పని కూడా లేదు. ‘శుభలేఖ’ అనో, ‘ట్రాఫిక్ చలానా’ అనో, ‘పీఎం కిసాన్’ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును (ఆండ్రాయిడ్ యాప్‌ను నేరుగా ఫోన్లోకి ఎక్కించే ఫైలు) ఒక్కసారి ఇన్‌స్టాల్ చేసి అడిగిన అనుమతులు ఇచ్చేస్తే, వచ్చే ప్రతి ఎస్సెమ్మెస్ అవతలివాడికి చేరిపోతుంది. పెళ్లిళ్ల సీజన్లో శుభలేఖ వస్తే ఏ తల్లి తెరవకుండా ఉంటుంది? ఒక ఫోన్ పోతే ఇద్దరి ఖాతాలూ పోయినట్లు.

సిమ్ మీతోనే ఉంచుకోండి. డ్యూయల్ సిమ్ ఫోన్ అయితే భారత నంబరును రెండో లైనుగా పెట్టి, బయలుదేరేముందు ఇక్కడే అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించండి. అక్కడ ఆ లైనులో డేటా రోమింగ్ ఆపేయండి, దానికి వచ్చే కాల్స్ ఎత్తకండి (నిమిషానికి వాయించేస్తారు). వచ్చే ఎస్సెమ్మెస్‌కు సాధారణంగా చార్జీ ఉండదు. వాయిస్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే ప్రత్యేక ప్యాకులు పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. వాటి గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు. అది ఒకటి వేసుకుని, రెండు నెలలకొకసారి ఆ నంబరు నుంచి ఎవరికో ఒకరికి ఎస్సెమ్మెస్ పంపండి.

అంతకన్నా మంచి దారి: ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన దాచుకునే ఖాతా), ఎన్ఆర్ఓ ఖాతాలకు విదేశీ నంబరునే నమోదు చేయించుకోవడం. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, హాంకాంగ్, యూఏఈ, సౌదీ, ఖతార్, ఒమన్ నంబర్లతో యూపీఐ వాడుకోవడానికి 2023లోనే అనుమతి వచ్చింది. మీ బ్యాంకు ఇస్తోందో లేదో బ్రాంచిలో అడగండి.

సిమ్ ఇంట్లో వదలక తప్పదంటారా? వెయ్యి, రెండు వేలు పెట్టి ఒక కీప్యాడ్ ఫోన్ కొనండి. సిమ్ పిన్ పెట్టి బీరువాలో ఉంచండి. అంకెలు కావలసినప్పుడు మీరు చేసిన కాల్‌లో అడగొద్దు. పెట్టేసి, ఆమెనే తన ఫోన్లో సేవ్ చేసిన మీ నంబరుకు వీడియో కాల్ చేయమనండి. ప్రతిసారీ, మినహాయింపు లేకుండా.

ఊళ్లో ఉన్న ఆ మూడు వారాల్లోనే ఆమె ఫోన్ కూడా ఒకసారి విప్పి చూడండి. పోయినసారి ‘ఏదైనా సమస్య వస్తే అక్కణ్నుంచి చూస్తా’ అని మీరు వేసి వెళ్లిన రిమోట్ కంట్రోల్ యాప్ ఇంకా ఉందా? తీసేయండి. ‘బ్యాంకు కస్టమర్ కేర్’ అంటూ వచ్చేవాడు మొదట అడిగేది దాని కోడే. ఏదైనా చూపించాలంటే వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చాలు, అదీ బ్యాంకు యాప్ తెరవకుండా. యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మీకు తెలియని యాప్‌కు అనుమతి ఉంటే ముందు దాన్ని ఆపి, తర్వాత యాప్ తీసేయండి. ‘తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేయడం’ అన్న అనుమతి వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు, ఫైల్ మేనేజర్‌కు విడివిడిగా ఉంటుంది. మూడింటికీ ఆపండి. బ్యాంకు యాప్‌లో యూపీఐ రోజువారీ పరిమితిని కూరగాయలకు, మందులకు సరిపోయేంతకు తగ్గించండి. టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో ఆమె పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసి, తెలియనివాటిని ‘నావి కావు’ అని పంపేయండి. సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930 నంబరును పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. డబ్బు పోయిన మొదటి గంటల్లో చేస్తేనే ఆ ఫోన్‌కు ఎక్కువ ఫలితం ఉంటుంది.

ప్రశ్న: ఇక్కడికి వచ్చాక అమెరికా బ్యాంకు ఓటీపీలు రావడం లేదు.

అదే జబ్బు, అటు నుంచి ఇటు. బయలుదేరకముందు అక్కడే వై-ఫై కాలింగ్ ఆన్ చేసి, అత్యవసర చిరునామా నింపండి. ఇండియా దిగాక ఆన్ చేద్దామంటే చాలాసార్లు కుదరదు. దిగాక డేటాకు భారత సిమ్‌ను ఎంచుకుని, అమెరికా లైనుకు డేటా రోమింగ్ ఆపేయండి. ఇంట్లో వై-ఫై ఉంటే మెసేజ్‌లు దాని మీదే వస్తాయి. కొన్ని ఫోన్లలో అమెరికా లైను భారత సిమ్ డేటా మీద కూడా నడుస్తుంది. ‘డేటాను లైన్ల మధ్య తనంతట తనే మార్చుకునే’ మీట మాత్రం ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే రోజువారీ రోమింగ్ చార్జీ మీకు తెలియకుండానే మొదలవుతుంది. వీలున్న ప్రతి ఖాతాను అథెంటికేటర్ యాప్‌కో (కోడ్‌లను ఫోన్లోనే తయారుచేసేది), పాస్‌కీకో (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లాక్‌తోనే లాగిన్ చేయించేది) మార్చుకుని, బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద రాసి పాస్‌పోర్టు ఉన్న సంచిలో కాకుండా వేరే సంచిలో పెట్టుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి తన పాత ఫోన్ తెచ్చి ఇచ్చాడు. సిమ్ ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. (గుంటూరు నుంచి ఒక తండ్రి)

మీ తప్పు లేదండీ, పెట్టడానికి చోటే లేదు. అమెరికాలో 2022 నుంచి అమ్ముతున్న కొన్ని ఖరీదైన ఫోన్లకు సిమ్ ట్రే ఉండదు, ఫోన్లోనే ఇమిడి ఉండే ఈసిమ్ ఒక్కటే. మీ సిమ్ కంపెనీ స్టోర్‌కు వెళ్లి ఈసిమ్‌గా మార్చమంటే మారుస్తారు. ‘మేమే మార్చిపెడతాం, ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేయండి’ అని ఫోన్లో ఎవరైనా చెబితే నమ్మకండి. మీ నంబరు వాళ్ల ఫోన్లోకి వెళ్లిపోతుంది.

అబ్బాయికి మాత్రం రెండు మాటలు. ఆ ఫోన్ వాయిదాలన్నీ తీరిందేనా, నెట్‌వర్క్ లాక్ తీయించారా? లాక్ ఉంటే ఇక్కడి ఏ సిమ్ పనిచేయదు. తీయాల్సింది అక్కడి కంపెనీయే. రెండోది, దానికి భద్రతా అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయా? సెట్టింగ్స్‌లో చివరి అప్‌డేట్ తేదీ ఏడాది కిందటిదైతే, అది ఫొటోలు చూసుకోవడానికి పనికొస్తుందేమో గానీ పింఛను డబ్బు ఉన్న బ్యాంకు యాప్‌కు పనికిరాదు. మీకు చాలదనిపించి పక్కన పడేసిన ఫోన్, మోసాలకు ఎక్కువగా గురయ్యే వయసులో ఉన్న నాన్నగారికి ఎలా చాలుతుంది? ఇక్కడే 15 వేలు పెట్టి, నాలుగేళ్ల అప్‌డేట్ల హామీ ఉన్న కొత్త ఫోన్ కొనివ్వండి.

ప్రశ్న: అమెరికా ఎలక్ట్రిక్ కుక్కర్ అమ్మకు తీసుకెళ్దామనుకుంటున్నాను. పిన్ అడాప్టర్ చాలా?

చాలదు. అడాప్టర్ పిన్ను ఆకారం మారుస్తుంది, వోల్టేజీని కాదు. అక్కడ 120, ఇక్కడ 230 వోల్టులు. వోల్టేజీ దాదాపు రెట్టింపైతే హీటర్ కాయిల్ లాగే పవర్ నాలుగు రెట్లకు దగ్గరవుతుంది: 1,000 వాట్ల కుక్కర్ 3,600 వాట్ల పైచిలుకు లాగబోయి, అన్నం ఉడికేలోపే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టొచ్చు గానీ, 1,500 వాట్లు మోసేది కుక్కర్ కన్నా బరువుంటుంది. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద ‘100–240’ అని ఉంటుంది, వాటికి పిన్ మారిస్తే చాలు. చాలా హెయిర్ డ్రయ్యర్ల మీద ఉండదు.

ప్రశ్న: పవర్ బ్యాంకు, కొండలెక్కేటప్పుడు వాడే ఉపగ్రహ మెసేజ్ పరికరం తేవచ్చా?

పవర్ బ్యాంకు చేతి సంచిలోనే, చెక్-ఇన్‌లో కాదు. 100 వాట్ అవర్ల వరకు అనుమతి అక్కర్లేదు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్. అంకెలు చెరిగిపోయినదాన్ని భద్రతా సిబ్బంది తీసేసుకోవచ్చు. విమానంలో దాన్ని వాడనివ్వని సంస్థలూ ఉన్నాయి కాబట్టి ఫోన్ ముందే నింపుకుని ఎక్కండి. ఉపగ్రహ పరికరం మాత్రం అక్కడే వదిలేసి రండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా భారత్‌లో అలాంటిది దగ్గరుంచుకోవడం నేరం, విమానాశ్రయాల్లో పట్టుబడి కేసుల పాలైన విదేశీ పర్యాటకులున్నారు.