మా నాయనకు 74 ఏండ్లు, హెర్నియా ఆపరేషన్ అన్నారు. నడుముకు మత్తు మంచిదా, పూర్తి మత్తా?

వయసు ఒక్కటే చూసి మత్తు నిర్ణయించరు. ఏ ఆపరేషన్, గుండె, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి అన్నదే ముఖ్యం. గజ్జల్లో హెర్నియాను కోసి కుడితే నడుముకు ఇచ్చే స్పైనల్ సాధారణంగా సరిపోతుంది; కొందరికి ఆ చోటు వరకే తిమ్మిరెక్కించి కూడా చేస్తారు. లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) అయినా, పేగు మూసుకుపోయి పొట్ట తెరవాల్సి వచ్చినా ఎక్కువగా పూర్తి మత్తే. స్పైనల్‌తో బీపీ పడిపోవచ్చు.

మన నల్గొండ వాళ్లకు ఇంకో సంగతి ఉంది. మర్రిగూడ, నాంపల్లి వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దోళ్లలో కొందరికి వెన్నెముక బిగుసుకుపోయి ఉంటుంది. ముందుకు వంగి కూర్చోమంటే కూర్చోలేరు, ఎముకల సందులోంచి సూది దిగదు. మెడ కూడా వంగకపోతే పూర్తి మత్తుకు గొంతులోకి ఊపిరి గొట్టం వేయడమూ కష్టమే. మీ నాయన మెడ, నడుము ఎంతవరకు వంగుతాయో మత్తు డాక్టరుకు ముందే చూపించండి.

క్లోపిడోగ్రెల్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు వాడుతుంటే తప్పక చెప్పండి. స్పైనల్‌కు ముందు కొన్ని రోజులు ఆపమంటారు, కానీ స్టెంట్ ఉంటే సొంతంగా మాత్రం ఆపొద్దు. స్పైనల్ అయితే ఆపరేషన్ తర్వాత తికమక రాదన్న గ్యారంటీ ఏమీ లేదు. మెలకువ రాగానే కళ్లజోడు, వినికిడి మిషన్ పెట్టండి, అది నిజంగా పనికొస్తుంది.