కల్నల్ గారూ, పెన్షన్ ఉంది సరే... రాత్రి రెండింటికి చేతిలో ఎంత ఉంది?

ఈ వారం ఒక రిటైర్డ్ కల్నల్ గారి ఉత్తరానికి జవాబిస్తున్నాను. ఆయనకు 59 ఏళ్లు. 54కి రిటైరై సైనిక్‌పురిలో ఉంటున్నారు, సొంతూరు తెనాలి దగ్గర పల్లె. కమ్యూట్ చేయగా (కొంత పెన్షన్ ముందే ఒకేసారి తీసేసుకోగా) మిగిలిన పెన్షన్, డీఆర్ (కరువు భృతి) కలిపి నెలకు 1,05,000 చేతికొస్తుంది. అందులోంచి ఒకటో తారీఖునే చర్చికిచ్చే దశమ భాగం 10,500 పక్కన పెట్టేస్తారు, ఊళ్లో ఉన్న అమ్మగారికీ ఆమెను చూసుకునే మనిషికీ 12,000 పంపుతారు, ఇంటి ఖర్చు 45,000, కారు ఈఎంఐ 14,000. రిటైర్ అయినప్పుడు వచ్చిన గ్రాట్యుటీ, డీఎస్ఓపీ (సైనికాధికారుల పీఎఫ్), కమ్యుటేషన్ డబ్బంతా ఇంటికీ అమ్మాయి పెళ్లికీ అయిపోయింది. మిగిలింది 4 లక్షల ఎఫ్‌డీ, కీసర వైపు ఒక ప్లాటు.

ఇప్పుడు పెన్షన్ మీద 15 లక్షల లోన్, మేడమ్ బంగారం మీద 5 లక్షలు తీసుకుందామనుకుంటున్నారు. 12 లక్షలు ఊళ్లో చర్చి శ్లాబుకి, 8 లక్షలు అల్లుడుగారి హార్డ్‌వేర్ షాపుకి. అడిగింది మాత్రం ఒక్కటే, ఏ బ్యాంకులో వడ్డీ తక్కువ అని! పైగా "పెన్షన్ ఉంది, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) ఉంది, నాకు ఎమర్జెన్సీ ఫండ్ దేనికండీ" అని ముందే రాసేశారు, నేనేమంటానో తెలిసినట్టు.

ఈ మాట ఈయన ఒక్కరిదే అయితే ఫోన్‌లో చెప్పి వదిలేసేవాణ్ని. నా దగ్గరికొచ్చే మాజీ సైనికుల్లో సుబేదార్ నుంచి బ్రిగేడియర్ దాకా చాలామంది ఇదే అంటారు, అందుకే రాస్తున్నాను.

ముందు లెక్క. 15 లక్షలు, ఏడేళ్లు, 11% వడ్డీ అనుకుంటే ఈఎంఐ దాదాపు 25,700. మొత్తం కట్టేది 21.5 లక్షల పైమాటే. గోల్డ్ లోన్ వడ్డీ నెలకు ఇంకో నాలుగు వేలు. మీరు రాసిన ఖర్చులన్నీ పోను మిగిలేది 23,500. అంటే మొదటి నెల నుంచే ఆరు వేలు లోటు, అదీ ఎవరికీ జ్వరం కూడా రాకపోతే. కమ్యుటేషన్ కోత పోయి పూర్తి పెన్షన్ రాగానే సర్దుకుంటుందన్నారు. అది 15 ఏళ్లకు కదండీ, మీకు 69 వచ్చాక. లోన్ 66కే అయిపోతుంది, ఈలోపు ఏం చేస్తారు?

ఇక ఈసీహెచ్‌ఎస్. మంచి స్కీమే, కాదనను. కానీ అది కార్డు, క్యాష్ కాదు. నా క్లయింటు ఒక సుబేదార్ సాబ్‌కి రెండేళ్ల క్రితం రాత్రి రెండింటికి గుండెల్లో నొప్పి. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు, అది ఈసీహెచ్‌ఎస్‌తో ఒప్పందం ఉన్న ఆసుపత్రుల (ఎంప్యానెల్) లిస్టులో లేదు. రిసెప్షన్‌లో 2 లక్షలు డిపాజిట్ అన్నారు. ఆయన భార్య చేతిలో ఆయన ఏటీఎం కార్డు ఉంది, పిన్ ఆయనకే తెలుసు, ఆయనేమో లోపల ఉన్నారు. పక్కింటి కుర్రాడు తన కార్డుతో రోజుకి ఎంత వస్తే అంత తీసి, మిగతాది స్నేహితుల చేత ఫోన్‌పే చేయించాడు. ఆ తర్వాత బిల్లు పెట్టుకుంటే డబ్బు వచ్చింది, వచ్చింది కానీ నెలల తర్వాత, అదీ సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగుల వైద్య పథకం) రేట్ల ప్రకారం, కట్టినంత కాదు. ఆ కుర్రాడు ఆ వారం ఊళ్లో లేకపోతే ఏమయ్యేదో ఆవిడ ఇప్పటికీ తలచుకుంటారు.

మీ అబ్బాయి కుటుంబానికి మీ ఈసీహెచ్‌ఎస్ కార్డు పనికిరాదు. బెంగళూరులో ఉద్యోగం పోతే కంపెనీ ఇచ్చిన మెడికల్ కవర్ కూడా ఆ రోజే పోతుంది, అప్పుడు ఫోన్ ఎవరికొస్తుందో మీకూ తెలుసు. విడిగా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ) తీసుకోమని వాడికి చెప్పండి. 84 ఏళ్ల అమ్మగారి పేరు ఇంతవరకు కార్డులో ఎక్కించలేదన్నారు. ఆదాయ పరిమితి లోపల ఉంటే డిపెండెంట్‌గా చేర్చవచ్చు, ఈ వారమే పాలీక్లినిక్‌లో అడగండి. ఇన్నాళ్లు ఎందుకు ఆగారో నాకర్థం కాలేదు.

బెటాలియన్ నడిపినవారు, రిజర్వ్ అట్టిపెట్టుకోకుండా ఉన్న కంపెనీలన్నీ ఒకేసారి ముందుకు పంపుతారా? మీ ఇంటికి ఆ రిజర్వ్ 8 లక్షలు. ఆరు నెలల ఖర్చు 5 లక్షలు, ఆసుపత్రికి విడిగా 3. ఉన్న 4 లక్షల ఎఫ్‌డీ మీ ఒక్కరి పేరునే ఉంది, దాన్ని తీసేసి మేడమ్‌తో కలిపి ఐదర్ ఆర్ సర్వైవర్ (ఇద్దరిలో ఎవరైనా తీసుకోగలిగేలా) అని మళ్లీ వేయండి. మిగిలిన 4 లక్షలకి నెలకు 20,000 చొప్పున 20 నెలలు పడుతుంది. అంతకాలం ఆగలేకపోతే ప్లాటు అమ్మండి. కార్డు పిన్, స్పర్శ్ (పెన్షన్ పోర్టల్) లాగిన్ మేడమ్‌కి తెలియాలి. పీపీఓలో (పెన్షన్ ఆర్డరులో) ఆవిడ పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో చూసుకోండి, ఒక్క ఇనిషియల్ తేడాతో ఫ్యామిలీ పెన్షన్ నెలల తరబడి ఆగిపోయిన ఇళ్లు చూశాను. ఆ నెలల్లో తినడానికి కూడా ఈ డబ్బే.

చర్చి గురించి నేను మాట్లాడితే మీకు కోపం రావచ్చు. దశమ భాగం ఆపమని నేను అనను. కానీ అప్పు తెచ్చి ఇచ్చేది మీ సొమ్ము కాదు, బ్యాంకు సొమ్ము. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలన్న మాట సండే స్కూల్లో పిల్లలకి మీరే చెప్తుంటారు కదా. ప్లాటు అమ్మితే, ముందు రిజర్వ్ నింపి, మిగిలిన దాంట్లోంచి శ్లాబుకి ఎంతైనా ఇవ్వండి, అడ్డం రాను. (కొత్త ట్యాక్స్ పద్ధతిలో ఉంటే 80జీ మినహాయింపు రాదు, దానికోసం ఎదురు చూడకండి.) ఇంకా మిగిలితే సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్.

అల్లుడుగారి షాపుకి ముద్ర లోన్ ఉంది, ఆయన పేరు మీద ఆయన్నే తీసుకోనివ్వండి. మీరు గ్యారంటీ సంతకం పెట్టకండి. కొత్తగా టర్మ్ పాలసీ కోసం పరుగు అక్కర్లేదు, ఏజీఐఎఫ్ (ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్) కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో ఇంట్లో చూపిస్తే చాలు.

చివరగా, మీరు ఫొటో తీసి పంపిన ఆ పెన్షన్ లోన్ ఫారం. గ్యారంటర్ గడిలో మేడమ్ పేరు, పక్కన పెన్సిల్‌తో చిన్న టిక్. ఆ సంతకానికి అర్థం ఏమిటో ఆవిడకి ఎవరైనా చెప్పారా? మీకేమైనా అయితే ఈఎంఐ ఆవిడ ఫ్యామిలీ పెన్షన్‌లోంచి పోతుంది. చివరి జీతంలో 50% రేటు మీరు పోయాక ఏడేళ్లు, లేదా మీకు 67 నిండే తేదీ దాకా, ఏది ముందైతే అంతవరకే, ఆ తర్వాత 30%. దాని మీద డీఆర్ ఉంటుంది కాబట్టి ఆవిడ రోడ్డున పడరు, నిజమే, కానీ అందులోంచి నెలనెలా 25,700 కోసేస్తే, బంగారం కూడా తాకట్టులో ఉంటే? ఫారం ఇంకా బ్యాంకులో ఇవ్వలేదన్నారు కాబట్టి, ఇవ్వకండి.