పొగ కంటే ముందు ఆ మాత్రల సంగతి చూడండి

ప్రశ్న: మాది తలకోన వైపు అడవి అంచున చిన్న పల్లె. పాతిక ఇళ్లు కూడా లేవు. ఫిబ్రవరి దాటితే కొండ మీద ఎక్కడో ఒకచోట అగ్గి అంటుకుంటుంది. రాత్రిళ్లు పొగ కిందికి దిగి, ఎండ ఎక్కేదాకా ఇళ్ల మధ్యే ఉంటుంది. మా మామగారికి 63 ఏళ్లు. బీడీలు మానేసి ఐదేళ్లయింది. పొగ పట్టినప్పుడల్లా దగ్గు, గస, పిల్లికూతలు. మెడికల్ షాపులో ఇచ్చే చిన్న తెల్ల మాత్ర వేసుకుంటే పూటలో తగ్గుతుంది. పోయిన ఎండాకాలం నుంచి అవే రోజూ వాడుతున్నారు. ఈ మధ్య మొహం నిండుగా అయి, కొంచెం ఒళ్లు చేశారు కూడా. లోపల పేరుకున్న పొగ పోవడానికి బెల్లం తినాలా, ఆవిరి పట్టాలా? ఏ మాస్కు మంచిది?
– ఒక పాఠకురాలు, ఎర్రావారిపాలెం మండలం

జవాబు: అమ్మా, పొగ సంగతి తర్వాత చెప్తాను. నన్ను కంగారు పెడుతున్నది ఆ తెల్ల మాత్ర. పూటలో గస తగ్గించి, కొన్ని నెలలకు మొహం గుండ్రంగా చేసిందంటే అది స్టెరాయిడ్ అయ్యే అవకాశమే ఎక్కువ. స్ట్రిప్పు వెనక బీటామెథసోన్, డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉందేమో చూడండి. విడి మాత్రలు కాగితంలో చుట్టి ఇస్తుంటే ఆ పొట్లం అలాగే డాక్టర్‌కు చూపించండి.

ఒళ్లు చేశారని సంతోషపడకండి. ఇన్నాళ్లు స్టెరాయిడ్ మింగితే షుగర్, బీపీ పెరగొచ్చు, ఎముకలు గుల్లబారొచ్చు, కంట్లో శుక్లాలు రావొచ్చు. ఆయన కింద కూర్చుని, చెయ్యి ఆనించకుండా లేవగలుగుతున్నారా? తొడ కండరాలు తగ్గితే ముందు అక్కడే తెలుస్తుంది. ముంజేతుల మీద చర్మం పల్చబడి, చిన్న దెబ్బకే కమిలిపోతోందేమో కూడా గమనించండి. షుగర్ పరీక్ష పరగడుపున ఒక్కటే చేయించి ఊరుకోవద్దు. స్టెరాయిడ్ వాడేవాళ్లలో భోజనం తర్వాత చేసే పరీక్షలోనే తేడా ఎక్కువ బయటపడుతుంది.

అలాగని ఇది చదివి ఈ రాత్రికే మాత్రలు ఆపేయకండి. దయచేసి ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పండి. మూడు వారాలు దాటి వాడితే, మన ఒంట్లో స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు ఆ పని తగ్గించేసుకుంటాయి. ఉన్నట్టుండి మానేస్తే వాంతులు, నీరసం మొదలై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మెల్లగా తగ్గించే లెక్క మనిషిని చూసిన డాక్టరే వేయాలి. నేను ఆయన్ను చూడలేదు కాబట్టి ఇక్కడ మోతాదు రాయడం లేదు.

టీబీ లేదని కూడా తేల్చుకోవాలి. స్టెరాయిడ్ జ్వరాన్ని అణిచేస్తుంది, లోపల జబ్బు పెరుగుతున్నా పైకి తెలియనివ్వదు. రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం. ఆ తర్వాత ఊది చూసే పరీక్ష, అంటే స్పైరోమెట్రీ చేస్తే ఇది ఉబ్బసమా, బీడీల వల్ల ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే సీఓపీడీ జబ్బా తెలుస్తుంది. రెండింటికీ పీల్చే మందులే ముఖ్యం. మాత్రలో మిల్లీగ్రాముల్లో ఒళ్లంతా తిరిగే మందు, ఇన్‌హేలర్‌లో మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడేవాళ్లే ఈ మాత్రలు నెలల తరబడి మింగుతున్నారు. నా ఓపీలో రోజూ చూస్తున్నాను, చాలా బాధగా ఉంటుంది. షాపు అబ్బాయి ఇచ్చిన మందును ఏడాది నమ్ముకున్నారు, ఒక్కసారి డాక్టర్ దగ్గరికి రాకపోతే ఎలాగమ్మా?

మీ ఊరి నుంచి తిరుపతికి రావాలంటే భాకరాపేట ఘాట్ దాటాలి. అందుకే రాత్రి గస మొదలైతే ‘తెల్లారనీ, బస్సుకు పోదాం’ అనుకుంటారు. వాక్యం పూర్తి చేయలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, గొంతు కింద గుంట లోపలికి లాగడం, మగతగా ఉండటం, ఛాతీ నొప్పి, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. మంటల దగ్గరికి వెళ్లొచ్చిన మనిషి విషయంలో ఆక్సీమీటర్ అంకెను నమ్మవద్దు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పట్టినా, అంతా బాగున్నట్టు అది 98 చూపించగలదు.

ఇక పొగ. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలకు వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది, దేశమంతా చూసింది. బోదగడ్డి, ఎండుటాకులు తగలబడే చిన్న మంటలు ఎవరికీ వార్త కాదు, వాటి పొగ మాత్రం మీ పల్లెలో వారాలు నిలుస్తుంది. రాత్రి చల్లబడిన గాలి కొండ మీంచి పల్లానికి జారుతూ పొగను వెంట తెస్తుంది. ఆయన ఆరుబయట మంచం వేసుకుంటారనే అనుకుంటున్నాను. పొగ ఉన్న రాత్రులు మానిపించండి. లోపల ఒక గదికి కిటికీ సందులు మూసి, ఫ్యాను వేయండి. కూలర్ వద్దు, అది బయటి పొగనే లోపలికి లాగుతుంది. ఆ గదిలో దోమల కాయిల్, అగరబత్తి వెలిగించకండి. కట్టెల పొయ్యి ఆయనకు దూరంగా ఉండాలి.

బెల్లం పొట్టలోకి పోతుంది, ఊపిరితిత్తుల్లోకి కాదు. షుగర్ సంగతి తేలేదాకా ఆయనకు అసలే వద్దు. ఆవిరితో ముక్కు కాస్త తెరుచుకోవచ్చు గానీ లోపలి పొగ కణాలు బయటికి రావు. తడి తువ్వాలు, గుడ్డ మాస్కు ఆ సన్నటి కణాలను ఆపలేవు. ఎన్-95 అయితే పనికొస్తుంది, అంచులు మొహానికి అతుక్కుని ఉండాలి. పెట్టుకున్నాక ఆయాసం ఎక్కువైతే తీసేయాలి. పొగ రోజుల తరబడి వదలకపోతే, తిరుపతిలోనో పీలేరులోనో చుట్టాలుంటే కొన్నాళ్లు అక్కడ ఉంచండి. మందులన్నీ వెంట పంపండి.

– ఊపిరితిత్తుల వైద్య నిపుణులు, తిరుపతి