తెలుగు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు విరాళాలు అడగడం: విజయవాడ నుంచి ఒక అనుభవం

నమస్కారం. గుంటూరులో మీరు ఆరుగురు మిత్రులు కలిసి తెలుగు ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌ను (బొమ్మగా ఉన్న పేజీలోని అక్షరాలను చదివి టైపు చేసిన పాఠంగా మార్చేది) ఓపెన్ సోర్స్‌గా, అంటే కోడ్‌ను ఎవరైనా చూసి వాడుకునేలా, నడుపుతున్నారనీ, వెబ్‌సైటులో విరాళం మీట పెట్టి ఎనిమిది నెలలైనా ఇద్దరే స్పందించారనీ, సర్వరు ఖర్చు మీ జేబుల్లోంచే పోతోందనీ రాశారు. జనం అనుమానపడకుండా డబ్బు ఎలా అడగాలన్నది మీ ప్రశ్న. ఇదే ఇబ్బంది పడి బయటికొచ్చినవాణ్ని కనుక మా అనుభవాన్ని కొంత వివరంగా రాస్తున్నాను.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ సెంటరు నడుపుతాను. "అను" అనే పాత తెలుగు ఫాంట్లలో కంపోజ్ చేసిన మ్యాటర్‌ను, ఏ కంప్యూటరులోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌ను మేము ఎనిమిది మందిమి కలిసి రాసి, సోర్స్ కోడ్‌తో సహా అందరికీ అందుబాటులో ఉంచాం. మొదట మేమూ మీలాగే వెబ్‌సైటు అడుగున "ఈ ప్రాజెక్టుకు చేయూతనివ్వండి" అని రాసి, ఒక క్యూఆర్ కోడ్ పెట్టి ఊరుకున్నాం. పద్నాలుగు నెలల్లో వచ్చింది 2,300 రూపాయలు. వాడేవారు లేక కాదు. ఫలానా వత్తు పక్క అక్షరానికి పోతోందని, ఫలానా గుణింతం విరిగిపోతోందని ప్రెస్సుల నుంచి వారానికి పది ఫోన్లయినా వచ్చేవి. వాడకం దానంతటదే విరాళంగా మారదు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడేనాటికి ప్రపంచంలో లెక్కలేనన్ని వెబ్‌సైట్ల భద్రత, ఆ లోపం ఉన్న ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడి ఉంది, కానీ ఆ ప్రాజెక్టుకు ఏడాదికి అందుతున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లు మాత్రమే. అంతటిదానికే అలా జరిగితే, మన మీటను ఎవరూ నొక్కలేదని బాధపడవలసిన పని లేదు.

మా పరిస్థితి మారింది ఒక నిర్దిష్టమైన ఖర్చు కోసం అడిగినప్పుడే. మా సాఫ్ట్‌వేర్‌ను విండోస్‌లో ఇన్‌స్టాల్ చేయబోతే, ప్రచురణకర్త ఎవరో తెలియదనీ, కంప్యూటరుకు ప్రమాదం కలగవచ్చనీ ఒక నీలిరంగు హెచ్చరిక వచ్చేది. చాలామంది ఆపరేటర్లు భయపడి అక్కడే ఆగిపోయేవారు. దానికి మార్గం కోడ్ సైనింగ్ సర్టిఫికెట్, అంటే సాఫ్ట్‌వేర్ ఎవరిదో ధ్రువీకరించే డిజిటల్ సంతకపు పత్రం, కొనడం. 2023 జూన్ నుంచి ఆ సర్టిఫికెట్ రహస్య కీని యూఎస్‌బీ టోకెన్ వంటి భద్రమైన పరికరంలోనే ఉంచాలన్న నియమం రావడంతో దాని ఖర్చు మా స్తోమతకు మించిపోయింది. అప్పుడు, "మీరు రోజూ చూస్తున్న ఆ నీలిరంగు హెచ్చరికను తొలగించడానికి సర్టిఫికెట్, టోకెన్ కలిపి మాకు 36,000 రూపాయలు కావాలి, ఇప్పటికి ఇంత వచ్చింది, ఇంకా ఇంత రావాలి" అని రాశాం. మూడు వారాలు తిరగకముందే 53 మంది కలిసి ఆ మొత్తం సమకూర్చారు. అంతకుముందు ఒక్క రూపాయి ఇవ్వనివారే వారిలో ఎక్కువమంది. తమను రోజూ విసిగించే ఇబ్బంది పేరు, దాన్ని తీర్చడానికయ్యే ఖర్చు, ఆ ఖర్చుకు ఒక హద్దు, ఈ మూడూ ఒకేచోట కనబడటమే దానికి కారణమని నా నమ్మకం. ఇది మేము కనిపెట్టిన ఉపాయమేమీ కాదు. 2002లో బ్లెండర్ అనే త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన సంస్థ మూతపడినప్పుడు, పెట్టుబడిదారుల నుంచి సోర్స్ కోడ్‌ను విడిపించడానికి లక్ష యూరోలు కావాలని దాని సృష్టికర్త టోన్ రూసెండాల్ కోరితే, ఏడు వారాల్లో ఆ సొమ్ము పోగై, అదే ఏడాది అక్టోబరులో బ్లెండర్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద విడుదలైంది.

సర్టిఫికెట్ కొన్న తరువాత కూడా కొంతకాలం ఆ హెచ్చరిక వస్తూనే ఉంది, ఎందుకంటే కొత్త సర్టిఫికెట్‌కు విండోస్ దృష్టిలో నమ్మకం కుదరడానికి తగినన్ని డౌన్‌లోడ్లు జరగాలి. ఆ సంగతిని దాచకుండా, డబ్బిచ్చిన 53 మందికీ కారణంతో సహా తెలియజేశాం. ఒక్కరు కూడా నొచ్చుకోలేదు.

ఏ మాటతో అడుగుతామన్నది కూడా ముఖ్యమే. మన ఊళ్లలో "చందా" అనగానే వినాయక చవితికో దసరాకో రసీదు పుస్తకం పట్టుకుని వచ్చే కుర్రాళ్లు గుర్తుకొస్తారు. దుకాణదారు ఎంతోకొంత ఇచ్చి పంపుతాడు తప్ప, అది ఏమైందని అడగడు. "విరాళం" అంటే గుడికో అన్నదానానికో ఇచ్చేదన్న భావన ఉంది. సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చేది ఈ రెండూ కాదు కనుక, మేము "ఈ ఏడాది ఖర్చులో మీ వాటా" అని రాయడం మొదలుపెట్టాం. "ఉచితమన్నారు కదా, మళ్లీ డబ్బులేమిటి?" అని ఒక ప్రెస్సు యజమాని అడిగారు. అది న్యాయమైన ప్రశ్న. మీరు ఇచ్చినా ఇవ్వకపోయినా సాఫ్ట్‌వేర్ ఇలాగే అందుబాటులో ఉంటుందనీ, కోడ్‌ను ఎవరైనా తీసుకోవచ్చనీ, మేము అడిగేది దాన్ని రేపు కూడా పనిచేయించడానికయ్యే ఖర్చు మాత్రమేననీ ఆయనకు చెప్పాం. ఆ జవాబును ఇప్పుడు విజ్ఞప్తి మొదటి వాక్యంగానే పెడుతున్నాం.

ఇక మేము చేసిన పెద్ద పొరపాటు. మొదట్లో పెట్టిన క్యూఆర్ కోడ్ మాలో ఒకరి సొంత ఖాతాది. ఆ ఖాతాలోంచే ఇంటి సరుకులు, పిల్లల ఫీజులు, ప్రాజెక్టు సర్వరు బిల్లు, అన్నీ కలిసి వెళ్లేవి. 1,000 రూపాయలు పంపిన ఒక పత్రికా సంపాదకులు మరుసటి ఏడాది మర్యాదగా లెక్క అడిగినప్పుడు, పాత లావాదేవీలన్నీ వెతికి జవాబివ్వడానికి మాకు పదకొండు రోజులు పట్టింది, అప్పటికీ 640 రూపాయలకు ఆధారం దొరకలేదు. ఆ లోటును మేమే పూడ్చాం కానీ, ఆయన మళ్లీ ఇవ్వలేదు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఆ తరువాతే ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద సంఘాన్ని నమోదు చేసి, సంఘం పేరిట పాన్ కార్డు, ఇద్దరి సంతకాలు ఉంటే తప్ప డబ్బు తీయలేని బ్యాంకు ఖాతా తీసుకున్నాం. ఆ చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. మీరు ఆరుగురే కనుక ముందు ఇంకొకరిని చేర్చుకోవాలి. కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ కూడా వ్యక్తి పేరిట కాకుండా సంఘం పేరిట వచ్చిందంటే ఈ నమోదు వల్లనే.

సంఘం నమోదైనంత మాత్రాన ఇచ్చినవారికి విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు (80జి అని పిలుచుకునేది) రాదు; దానికి ఆదాయపు పన్ను శాఖ ఆమోదం వేరుగా పొందాలి. అది వచ్చేదాకా ఎవరికీ ఆ ఆశ చూపవద్దు. ఆమోదం ఉన్నా 2,000 రూపాయలకు మించిన నగదుకు ఆ మినహాయింపు వర్తించదు కనుక, మేము నగదు తీసుకోవడమే మానేశాం.

కృష్ణా, గుంటూరు జిల్లాల వారికి తప్పనిసరిగా ఎదురయ్యే విషయం ఇంకొకటుంది. అమెరికాలో ఉన్న మీ సహాధ్యాయులో బంధువులో డాలర్లు పంపుతామంటారు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 ప్రకారం, భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదనలోంచి ఇచ్చేది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్న వ్యక్తి ఇచ్చేది మాత్రం, ఆయన పుట్టింది తెనాలిలోనైనా, విదేశీ విరాళమే అవుతుంది. ఆ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా దాన్ని తీసుకోకూడదు. చాలా ఆప్తుడైన ఒకరికి మేము ఈ కారణంగానే వద్దని చెప్పవలసి వచ్చింది. డబ్బుకు బదులు ఆయన నెలకొక ఆదివారం మా సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే పని చూస్తున్నారు. మీరు ఎవరి నుంచి తీసుకున్నా ముందు పాస్‌పోర్టు వివరం అడిగి, నమోదు చేసుకోండి, చార్టర్డ్ అకౌంటెంటును కూడా ఒకసారి సంప్రదించండి.

అడిగే చోటు వెబ్‌సైటు కాదు, సాఫ్ట్‌వేరే. థండర్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ మెయిలు ప్రోగ్రాము 2022 చివర్లో తన లోపలే విజ్ఞప్తి చూపించింది, ఆ ఏడాది మొత్తం మీద దానికి 64 లక్షల డాలర్లకు పైగా విరాళాలు అందాయి. మేము 200 పేజీలు మార్చడం పూర్తయిన క్షణాన, "ఇప్పటికి 200 పేజీలు తిరిగి కంపోజ్ చేయనక్కర లేకుండా వచ్చాయి" అని చెప్పి, వాటా సంగతి ఒక్కసారి అడుగుతాం. మూసేస్తే ఏడాదిదాకా మళ్లీ కనబడదు. ఆ లెక్క వారి కంప్యూటరులోనే ఉంటుంది, మా దగ్గరికి రాదు. ఆ మాట కూడా అక్కడే రాశాం. పని జరుగుతుండగా అడ్డుపడి అడగడాన్ని నేను ఏమాత్రం సమర్థించను.

డబ్బు వచ్చాక మీలో మీకు వచ్చే తేడాల గురించి మీరు అడగలేదు కానీ, అది ముందే తేల్చుకోవాలి. ఎవరి శ్రమకు ఎంత అన్న చర్చ మొదలైతే స్నేహాలు నిలవడం కష్టం. మొదటి రెండేళ్లు సభ్యులెవరికీ పారితోషికం ఉండదనీ, సర్వరు, డొమైన్, సర్టిఫికెట్ తప్ప మరే ఖర్చుకైనా సభ్యులందరి ఆమోదం కావాలనీ మేము కాగితం మీద రాసుకున్నాం. అయినా ఒక మిత్రుడు అలిగి వెళ్లిపోయాడు. ఆ కాగితం మొదటి రూపాయి రాకముందే రాసుకుని ఉంటే ఆయన మాతోనే ఉండేవాడేమో.

మీ విషయానికొస్తే, సంఘం ఖాతా తెరిచేదాకా ఇప్పుడున్న మీటను తీసేయండి. సర్వరుకు నెలకు ఎంతవుతోందో, ఆ నెలలో మీ ఓసీఆర్ ఎన్ని పేజీలు చదువుతోందో లెక్క తీయండి; పేజీకి ఎన్ని పైసలు పడుతున్నాయో తెలిస్తే మీ విజ్ఞప్తి సగం రాసినట్టే. ఈలోగా ఇప్పటికే డబ్బు పంపిన ఆ ఇద్దరికీ, వారి సొమ్ము దేనికి ఖర్చయిందో తేదీతో సహా తెలుపుతూ ఒక ఉత్తరం రాయండి.